గుండీ మాస్టారి రోజుకో పేజీ

పంతొమ్మిదివందల తొంభై రెండవ సంవత్సరం జూలై పదమూడవ తేదీ, సోమవారం ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు, ఆ ఐదు నిమిషాల ఆలస్యానికి చక్కటి సంజాయిషీ ఒకటి దారిలోనే కూర్చుకుని, మన టెలివిజన్ కేంద్రం గుమ్మంలో అడుగుపెట్టిన ఇరవై ఏడేళ్ళ యువకులొకరు, ముప్పై మూడు సంవత్సరాల నిర్విరామ సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాడు ఆ సంజాయిషీని ఎవరూ అడగలేదట. కష్టపడి కూర్చుకున్నది వృథా పోవడం ఇష్టంలేక, ఆరేళ్ళ తర్వాత తమ తొలి నాటికలో ఒక గుమాస్తా పాత్రకు దాన్ని యథాతథంగా ఇచ్చేశారు. గేటు దగ్గరి కాపలాదారు మొదలుకొని మేడ మీది సంచాలకుల దాకా అందరూ ఆయన్ను ఎదుట ‘మాస్టారు’ అంటారు, చాటున ‘గుండీ మాస్టారు’ అంటారు. ఆ చాటు పిలుపు సంగతి ఆయనకు తెలుసు. పైకి విసుక్కున్నా లోపల ఇష్టమే.

ఈ అభినందన వ్యాసం రాసే బాధ్యతను సంచిక సంపాదకవర్గం, ఆయన దగ్గర పద్నాలుగు సంవత్సరాలుగా సహాయ రచయిత్రిగా పనిచేస్తున్న వ్యక్తికి అప్పగించింది. ఆ సహాయ రచయిత్రి తన గురించి కూడా ఇందులో ‘ఆమె’ అనే రాసుకుంటోంది. ఇది మాస్టారు నేర్పిన పద్ధతే. సొంత తప్పును రాసేటప్పుడు ‘నేను’ అని మొదలుపెడితే మనకు తెలియకుండానే మనల్ని వెనకేసుకొస్తామని, నాలుగడుగులు దూరం జరిగి నిలబడి రాయమని ఆయన అంటారు. ఇందులో రాయవలసిన తప్పు ఒకటి ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మాస్టారికి అప్పగించినది నాటకమూ కాదు, కథా కాదు. వార్తల అనంతరం చదివే ‘కనబడుటలేదు’ ప్రకటనలు రాయడం. కింది అంతస్తులో మెట్ల పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక మంచినీళ్ళ కూజా. ఇంట్లోంచి వెళ్ళి తిరిగిరాని మనుషుల కోసం వచ్చినవాళ్ళు ఎదుటి కుర్చీలో కూర్చునేవారు. వయసు, ఎత్తు, రంగు, ఒంటిమీది బట్టలు, మాట్లాడే భాష అన్న గళ్ళు నింపి, నాలుగు వాక్యాలు రాసి పైకి పంపిస్తే పని పూర్తయినట్టే. ఒకనాడు ఒక ఇల్లాలు వచ్చారు. భర్త వెళ్ళిపోయి మూడు రోజులైంది. ఆయన ఎత్తెంతో ఆవిడ చెప్పలేకపోయారు, వయసు దగ్గర తడబడ్డారు. ఒక్క మాట మాత్రం నాలుగుసార్లు చెప్పారు.

“చొక్కాకి పైనుంచి మూడో గుండీ లేదండీ. కుడదామనుకున్నాను. ఆ పూట కుదర్లేదు.”

మాస్టారు ఆ మాటను ప్రకటనలో చేర్చారు. పై అధికారి ఎర్ర సిరాతో కొట్టేసి, “గుండీల లెక్క మనకెందుకయ్యా” అన్నారు. మాస్టారు కాగితం తీసుకెళ్ళి, కొట్టేసిన చోటే మళ్ళీ రాసి, వార్తలు చదివే ఆమె చేతికి స్వయంగా ఇచ్చివచ్చారు. ‘నీలం రంగు చొక్కా, పైనుంచి మూడవ గుండీ లేదు’ అని ఆ సాయంత్రం రాష్ట్రమంతా వినబడింది. ఆ మనిషి దొరికాడా అని, ఈ కథ విన్న ప్రతి ఒక్కరూ అడుగుతారు. దొరకలేదు. ఆరు నెలలపాటు నెలకోసారి ఆవిడ వచ్చి, “మళ్ళీ చదివించండి బాబూ, ఆ గుండీ మాట తియ్యకండి” అని అడిగి వెళ్ళేవారు. ఏడో నెల నుంచి రాలేదు.

ఐదు సంవత్సరాలు ఆ మెట్ల పక్కన కూర్చున్న మనిషికి నాటకం గురించి వేరే పాఠశాలలో నేర్చుకోవలసింది ఏమీ మిగల్లేదు. తొంభై ఏడులో నాటక విభాగానికి బదిలీ అయి, మూడో అంతస్తులో లిఫ్టు మోటారు హోరు వినిపించే గదిలో, పూర్తిగా మూసుకోని కిటికీ పక్కన కూర్చున్న నాటి నుంచి నేటి వరకు వారి రచనా పద్ధతి ఒక్కటే. భరించలేని సంగతిని మనిషి నేరుగా చెప్పడు. దాన్ని చేతికి దొరికిన ఏదో ఒక వస్తువు మీదికి నెట్టి చెబుతాడు. కనుక కొత్త రచయితలు ఎవరైనా కన్నీళ్ళు ఏరులై పారే సన్నివేశం రాసి తీసుకువెళ్తే, ఆయన చివరిదాకా శ్రద్ధగా చదివి, “బాగుంది. వీళ్ళ చేతుల్లో ఏముంది?” అని అడిగేవారు. చేతుల్లో ఏమీ లేకపోతే ఆ కాగితం తిరుగుటపాలో వెనక్కి వచ్చేది. సన్నివేశాన్ని ముందుగా అందులో ఒక్క మాటైనా లేని మనిషి వైపు నుంచి రాసుకోవడం ఆయన రెండో అలవాటు. ఇద్దరు అన్నదమ్ములు ఆస్తి కోసం కొట్లాడుకుంటుంటే, పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న చెల్లెలికి ఏం వినబడుతోంది అన్నదగ్గర ఆయన కలం మొదలయ్యేది. దుర్మార్గుల్ని రాయడం మాత్రం ఆయనకు చేతకాలేదు. ఎంత చెడ్డవాడిని రాసినా, మూడో వారానికల్లా వాడికి కాళ్ళనొప్పులో, చిన్నప్పటి అవమానమో పట్టుకొచ్చి జాలి పుట్టించేవారు.

ఈ సందర్భంలో ఒక సరదా సంఘటన చెప్పక తప్పదు. వారు రాసే సాయంత్రపు సీరియల్ మంచి ఊపులో ఉన్న కాలంలో మాస్టారు క్షౌరానికి వెళ్ళారు. మంగలి గడ్డం నురగతో నింపి, కత్తి గొంతు మీద ఆనించి, అప్పుడు తీరిగ్గా అడిగాడట, “ఆ మామగారికి బుద్ధెప్పుడొస్తుంది సార్?” అని. మాస్టారు నిజాయితీపరులు కనుక, “ఇప్పట్లో రాదు” అన్నారు. కత్తి కదల్లేదు. “మా ఆవిడ రోజూ ఏడుస్తోంది సార్” అన్నాడు ఆ మంగలి. ఆ తరువాతి వారమే మామగారికి బుద్ధి వచ్చింది. “గొంతు మీద కత్తి పెట్టి కథ మార్పించడమంటే ఏమిటో నాకు స్వానుభవం” అని మాస్టారు ప్రతి సమావేశంలోనూ చెప్పేవారు. వారి అర్ధాంగి మాత్రం, “నేను ముప్పై ఏళ్ళుగా చెబుతున్నా ఈయన కిటికీకి కర్టెను మార్చలేదు, నాకూ ఒక కత్తి ఉండాల్సింది” అంటారు.

ఇక వారి జీవితకాలపు కృషిగా అందరూ పరిగణించే సాయంత్రపు సీరియల్ పదమూడు సంవత్సరాలు నడిచింది. ఒక ఉమ్మడి కుటుంబం, ఒక పెద్ద హాలు, ఏడు మెట్లు. ఆ ఏడు మెట్లు ఎక్కితే పైన ఏమీ లేదు, ప్లైవుడ్ గోడ. ఏడో మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగి మాట చెప్పాలి, లేదా కెమెరా మరలేదాకా అక్కడే నిలబడాలి. ఆ ఇంటికి పెద్ద దిక్కు అయిన పెద్దమ్మ పాత్రను ధరించిన నటీమణి, రంగస్థలం మీద నలభై ఏళ్ళు నిలబడి వచ్చినవారు. సెట్టు మీద దర్శకుడితో సహా అందరికీ ఆవిడ పెద్దమ్మే. పేజీ చేతికిచ్చిన పది నిమిషాలకు పొల్లు పోకుండా అప్పజెప్పేసేవారు. “నాయనా, ఈ మాట నా నోట్లో పట్టదు, కొంచెం చిన్నది చెయ్యి” అని మాస్టారికి చెప్పగల చనువు ఆ ఒక్కరికే ఉండేది. మాస్టారు రాసేవారు, ఆవిడ అనేవారు. మధ్యలో ఇంకెవరి ప్రమేయమూ అక్కర్లేదన్నంత చక్కగా కుదిరిన జోడీ అది.

పదకొండో సంవత్సరంలో పెద్దమ్మకు మాటలు జారిపోవడం మొదలైంది. మొదట్లో అందరూ వయసన్నారు, ఎండలన్నారు. మరిచిన మాటను కెమెరా వెనుక నుంచి అందించడం మన రంగంలో మామూలే కనుక, ఆవిడకూ అందించారు. నాలుగు రోజులు గడిచాక ఆవిడ ఆ అందించే గొంతుకు జవాబివ్వడం మొదలుపెట్టారు. సన్నివేశం నడుస్తుండగా తల తిప్పి, “ఎవరమ్మా వెనకాల? లోపలికి రా, అక్కడ నిలబడి మాట్లాడతావేం” అన్నారు. కొందరు నవ్వారు. డాక్టర్లు చెప్పిన పేరు ఏదైతేనేం, అది తగ్గే జబ్బు కాదని తేలింది.

పాత్రను ముగించమని పైనుంచి సూచన వచ్చింది. పెద్దమ్మ కూతురు కూడా మాస్టారి గదికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే, “అమ్మని నలుగురిలో నవ్వులపాలు చెయ్యకండి. ఇంక చాలు, ఇంటికి తీసుకెళ్ళిపోతాను” అన్నారు. మాస్టారు లేచి నిలబడి చెప్పిన జవాబును పక్క బల్ల దగ్గర టైపు చేస్తున్న సహాయ రచయిత్రి విన్నది. “ఒక్క వారం చూడండమ్మా. నవ్వినవాడు ఒక్కడు కనబడ్డా, మీరు తీసుకెళ్ళిపోండి. నేను అడ్డు రాను.”

ఆ వారంలో మాస్టారు చేసిన పనిని మన రంగంలో మరొకరు చేసినట్టు మేమెవరమూ వినలేదు. పెద్దమ్మ ఏం మాట్లాడాలో రాయడం ఆయన మానేశారు. ఆవిడ ఏం మాట్లాడినా సరిపోయేటట్టు మిగతా అందరి మాటలూ రాయడం ప్రారంభించారు. ప్రతి సన్నివేశానికీ మూడు రంగుల కాగితాలు ఉండేవి. ఆవిడ కోప్పడితే తెల్లకాగితం, ఎదుటి మనిషిని పోల్చుకోలేకపోతే పసుపు, ఏమీ మాట్లాడకపోతే ఆకుపచ్చ. నటీనటులు మూడూ నేర్చుకుని రావాలి. ఆవిడ నోరు విప్పాకనే ఏ రంగు నడుస్తుందో తెలిసేది. సెట్టు మీద ‘తప్పు’ అన్న మాట నిషిద్ధమైంది. ఒకనాడు మేనకోడలు పాత్ర ఇల్లు విడిచి వెళ్ళిపోతున్నానని చెప్పే ఘట్టం. పెద్దమ్మ కోప్పడలేదు, ఎవరు నువ్వు అనలేదు, ఊరుకోనూ లేదు. మెల్లగా లేచి, హాలు మూల ఎప్పటి నుంచో పడివున్న గొడుగు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, “తడుస్తావు” అన్నారు. కథలో అది నడివేసవి. మూడు రంగుల్లోనూ గొడుగు లేదు. ఆ అమ్మాయి నిజంగానే ఏడ్చింది. మాస్టారు గదికి పరుగున వచ్చి, మర్నాటి ఎపిసోడులో అకాలవర్షం కురిపించారు.

వారం గడిచాక కూతురు మళ్ళీ మాస్టారి ముందుకు వచ్చారు. ఈసారి కూర్చున్నారు. “ఇంట్లో అమ్మకి వంటిల్లు ఎటో తెలియట్లేదండీ. ఇక్కడ ఏడో మెట్టు దగ్గర ఆగాలని తెలుసు” అని, తల్లిని ఉండనివ్వమని ఆవిడే అడిగారు. అలా రెండు సంవత్సరాలు గడిచాయి. చూసే ప్రేక్షకులకు పెద్దమ్మ పాత్రకు కొత్తగా ఒక లోతు వచ్చిందనిపించింది. పత్రికలు ఆవిడ నటనను వేనోళ్ళ కొనియాడాయి. అసలు సంగతి బయటికి పొక్కకుండా సెట్టు మీది యాభై మందీ గుట్టుగా కాపాడుకున్నారు.

ఇప్పుడు తప్పు దగ్గరికి వచ్చాం. మాస్టారికి ఒక ఆచారం ఉండేది. ఏ పాత్రకు ముగింపు రాయవలసి వచ్చినా, పదిహేను రోజుల ముందుగా స్వయంగా మేకప్ గదికి వెళ్ళి, ఆ నటుడి పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుని, విషయం చెవిన వేసేవారు. మాస్టారు కుర్చీ లాక్కున్నారంటే చాలు, నటీనటుల గుండెల్లో రాయి పడేది. అయినా ఆ కబురు ఆయన నోటనే వినాలని అందరూ కోరుకునేవారు. మూడేళ్ళ క్రితం మాస్టారు ఎడమకంటి శుక్లం ఆపరేషనుకు రెండు వారాలు సెలవు పెట్టారు. ఆయన లేని సమయం చూసి యాజమాన్యం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ వారంలోనే పెద్దమ్మ పాత్ర ముగియాలి. ఆ ఎపిసోడు రాసినది సహాయ రచయిత్రి. తెర మీద చూపించకుండా, ఊరు వెళ్ళిన పెద్దమ్మ కన్నుమూసిందని ఫోనులో కబురు వచ్చినట్టు రాసింది. శుభ్రంగా, ఎవరి మనసూ నొప్పించకుండా రాశానని మురిసిపోయింది కూడా. మాస్టారికి ఫోను చేసి ఒక్క మాట అడిగి ఉండవచ్చు. కంటికట్టుతో ఉన్న మనిషిని కష్టపెట్టడమెందుకని తనకు తాను నచ్చజెప్పుకుంది. నిజానికి ఆయన వద్దంటారని ఆమెకు తెలుసు.

పెద్దమ్మకు ఎవరు చెప్పాలి? రచయితలే చెబుతారు కదా అని దర్శకుడు ఊరుకున్నాడు. ఉత్తర్వు తెచ్చినవారే చెబుతారని సహాయ రచయిత్రి ఊరుకుంది. కూతురికి కబురు వెళ్ళే ఉంటుందని ప్రొడక్షన్ మేనేజరు చేతులు దులుపుకున్నాడు. కారు నడిపే మనిషి చేతిలోని జాబితాను ఎవరూ మార్చలేదు. మంగళవారం ఉదయం తొమ్మిదింటికి కారు ఎప్పటిలాగే వెళ్ళి, ఆవిడను ఎప్పటిలాగే తీసుకొచ్చింది. మేకప్ చేసే ఆవిడకు ఏం చెప్పాలో తోచక, కళ్ళు తుడుచుకుంటూ మేకప్ చేసి పంపించింది.

సెట్టు మీద, హాలు గోడకు, పెద్దమ్మ నిలువెత్తు ఫోటో వేలాడుతోంది. కుటుంబమంతా కింద మౌనంగా కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ నడుచుకుంటూ లోపలికి వచ్చారు. ఆవిడ ఫోటో ముందు నిలబడి చాలాసేపు చూశారు.

“ఎవరు పెట్టారిది? వంకరగా ఉంది” అన్నారు.

సెట్టు మనిషి వెళ్ళి సరిచేశాడు. ఆవిడ తన కుర్చీలో కూర్చుని, చెయ్యి చాచి, “నా పేజీ ఏది?” అని అడిగారు. సహాయ రచయిత్రి లైట్ల వెనుక నిలబడి ఉంది. ఆమె చేతిలోని ఇరవై పేజీల్లో పెద్దమ్మకు ఒక్క మాట కూడా లేదు. ఆ క్షణాన ఆమెకు కలిగిన సిగ్గు గురించి ఇక్కడ ఎక్కువ రాయడం ఉచితం కాదు, కాని అది ఈనాటికీ తగ్గలేదు.

ఎవరో ఫోను చేశారు. నలభై నిమిషాల్లో మాస్టారు వచ్చారు. ఎడమకంటి మీద తెల్లటి కట్టు. తల వంచవద్దని, రాయవద్దని డాక్టరు గట్టిగా చెప్పి నాలుగు రోజులే అయింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. సెట్టులోని భోజనాల బల్ల మీదికి వంగి, అరపేజీ రాశారు. రాసిన కాగితం తానే పట్టుకుని వెళ్ళి పెద్దమ్మ ఎదుట నిలబడ్డారు. జీవితంలో ఏనాడూ ముఖానికి రంగు పూసుకోని మనిషి ఆ రోజు నటించారు. కెమెరామన్ ఎవరూ చెప్పకుండానే కెమెరాను ఆవిడ వైపు తిప్పాడు. అది నడవడం లేదని ఆవిడ ఒక్కరికే తెలియదు.

“పెద్దమ్మా, ఈ ఇంట్లో మీకు చెప్పకుండా ఒక పని జరిగింది” అన్నారు మాస్టారు.

“నాకు చెప్పకుండా ఈ ఇంట్లో ఏం జరుగుతుంది” అన్నారావిడ.

“జరిగింది. తప్పే.”

ఆవిడ ఆయన ముఖంలోకి చూశారు. కట్టు చూశారు. చెయ్యెత్తి ఆ కట్టు అంచును వేలితో తాకి, “దెబ్బ తగిలించుకుని నిలబడి మాట్లాడతావేంరా. కూర్చో. ఏ తప్పయినా కూర్చుని మాట్లాడుకుందాం” అన్నారు. దర్శకుడు చాలాసేపటి వరకు కట్ చెప్పలేకపోయాడు. లేచి వెళ్తూ ఆవిడ అడిగారు, “రేపు సీనేమిటి నాయనా?”

“పొద్దున్నే పంపిస్తాను పెద్దమ్మా” అన్నారు మాస్టారు.

తల్లిని తీసుకెళ్ళడానికి వచ్చిన కూతురు కారు తలుపు దగ్గర ఆగి, “రేపు మళ్ళీ అడుగుతుంది మాస్టారూ. ఏం చెప్పను?” అన్నారు. “నేను మాటిచ్చాను కదమ్మా” అన్నారాయన. ఆ తర్వాత రెండు నెలలకే సీరియల్ ఆగిపోయింది, సెట్టు విప్పేశారు, ఏడు మెట్లూ ఏ గోదాములోకో వెళ్ళిపోయాయి. మాస్టారి ఎడమకంటికి చూపు పూర్తిగా తిరిగి రాలేదు. ఆ రోజు వంగి రాయడం వల్లేనా అని అడిగితే డాక్టరు తేల్చి చెప్పలేదు. మాస్టారు మాత్రం “అదేం కాదు, నా కళ్ళే అంతంతమాత్రం” అని కొట్టిపారేస్తారు.

ఇది జరిగిన ఎనిమిది నెలలకు, సహాయ రచయిత్రికి ప్రింటరు దగ్గర ఒక కాగితం దొరికింది. అది ఎప్పుడో ఆగిపోయిన సీరియల్‌లోని సన్నివేశం. పైన ఆ రోజు తేదీ ఉంది. అక్షరాలు పెద్దపెద్దవి. మాస్టారికి మతిగాని తప్పిందా అని ఆమె కంగారుపడింది. కాగితం పట్టుకుని వెళ్తే, ఆయన దొంగతనం బయటపడ్డవాడిలా ముఖం పెట్టి, అప్పుడు చెప్పారు. ఆ మంగళవారం నుంచి ఒక్క ఉదయం కూడా తప్పకుండా, రోజుకొక పేజీ పెద్దమ్మ ఇంటికి వెళ్తోంది. ఎదుటి పాత్రల మాటలు కూతురు చదువుతారు. పెద్దమ్మ తన మాట తాను అంటారు. కూతురు ఆ మాటను సాయంత్రం ఫోనులో మాస్టారికి చెబితే, దాన్నిబట్టి ఆయన మర్నాటి పేజీ రాస్తారు. తెర మీద ఆగిపోయిన ఆ కుటుంబంలో ఆ తరువాత రెండు పెళ్ళిళ్ళు జరిగాయి, ఒక తగువు తీరింది, మేనకోడలు గొడుగుతో తిరిగి వచ్చింది. పెద్దమ్మ ఫోటో ఆ ఇంటి గోడ మీద ఎన్నడూ లేదు.

ఆ రోజు నుంచి ఆ పేజీలను పెద్ద అక్షరాల్లో టైపు చేసే పని సహాయ రచయిత్రి తీసుకుంది. ఒకరోజు ధైర్యం చేసి, “మీకు ఒంట్లో బాగాలేని రోజున నేను రాస్తాను మాస్టారూ” అన్నది.

ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, “నీకిస్తే మళ్ళీ చంపేస్తావు” అన్నారు.

ఆ మాట విని ఆమె నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. ఆ గదిలో ఆ తప్పు గురించి ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాటా, చివరి మాటా అదే. ఆ తర్వాత ఆయన నిజంగానే మూడు రోజులు ఆమె చేత రాయించారు. ఆయన పద్ధతిలోనే, ఆయన మాటలతోనే, చేతుల్లో వస్తువులతో సహా రాసింది. మూడు రోజులూ పెద్దమ్మ పేజీని చేతిలోకి తీసుకుని, రెండు వాక్యాలు విని, కూతురికి తిరిగి ఇచ్చేశారు. “ఇది మనవాడు రాసింది కాదే. మనవాడికి ఏమైంది?” అని అడిగారట. కూతురి పేరు, తన పేరు, ఉంటున్న ఊరు, ఇవేవీ గుర్తులేని మనిషి. నాలుగో రోజు మాస్టారి పేజీ వెళ్ళాక గాని ఆవిడ కుదుటపడలేదు.

పదవీ విరమణ సందర్భంగా యాజమాన్యం మరో రెండు సంవత్సరాల పొడిగింపు ఇవ్వజూపింది. మాస్టారు సవినయంగా నిరాకరించారు. ఇప్పుడు కుడికన్ను కూడా మసకబారుతోంది, ఉన్న చూపును రోజుకొక పేజీకి సరిపెట్టుకోవాలని ఆయన ఉద్దేశం. ఈ సంగతి పైకి చెప్పలేదు. “విశ్రాంతి కావాలండీ” అని మాత్రమే ఉత్తరంలో రాశారు. వారి అర్ధాంగి ఇటీవల, “ఇంట్లో కూర్చుంటారని ఆశపడ్డాను. ఈయన రిటైరవుతున్నది మీ దగ్గరే, ఆవిడ దగ్గర కాదు” అని నవ్వుతూ అన్నారు. ఆ నవ్వు వెనుక ఉన్న దిగులును అక్కడున్న అందరమూ చూశాం.

వారు రాసిన నాలుగువేల పైచిలుకు ఎపిసోడుల గురించి, అందుకున్న పురస్కారాల గురించి ఈ సంచికలో ఇతర సహోద్యోగులు వివరంగా రాస్తున్నారు. ఎవరూ చూడని ఆ పేజీల గురించి రాయడానికి మాస్టారు ఎలాగూ ఒప్పుకోరు కనుక, సహాయ రచయిత్రి పెద్దమ్మ కూతురికి ఫోను చేసి అనుమతి అడిగింది. ఆవిడ ఇలా అన్నారు.

“రాయండి. ఎలాగూ చివర ఆయురారోగ్యాలని రాస్తారు కదా. ఆ ఒక్క ముక్క మాత్రం ఊరికే రాయకండి.”

మాస్టారూ, ఊరికే రాయడం లేదు. మీ కుడికంటి చూపు మీకు కడదాకా తోడుండాలి. మీ చేతి వేళ్ళకు వణుకు రాకూడదు, మీ గుండెకు ఏ అలసటా తెలియకూడదు, మీ అర్ధాంగి కోరిన కర్టెను మార్చే తీరిక కూడా మీకు దొరకాలి. నిండు నూరేళ్ళని అందరూ అంటారు, మేమూ అంటాం. కానీ మీ ఆయుష్షు విషయంలో ఈ విభాగమంతా చేతులు జోడించి కోరుకునేది మరొకటి ఉంది. పెద్దమ్మ ‘రేపు సీనేమిటి నాయనా’ అని ఆఖరిసారి అడిగే రోజున కూడా, ఆ మర్నాటి పేజీ మీ చేత్తో రాసి సిద్ధంగా ఉండాలి.